మందుకాగితాల చదువు

పన్నెండో వంద పూర్తయ్యేసరికి ఆమె బొటనవేలు మళ్ళీ తెగింది. కాగితం అంచు కోసిన కోత అప్పటికప్పుడు తెలియదు. కాసేపాగి సన్నగా మొదలై సాయంత్రం దాకా ఏడిపిస్తుంది. నెత్తురు చుక్క పడ్డ కాగితాన్ని మేస్త్రీ లెక్కలోకి తీసుకోడు. అందుకని ఆమె వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తోనే పదమూడో వంద అందుకుంది.

అది మందుల డబ్బాల్లో పెట్టే కాగితాలు మడిచే షెడ్డు. మందు ఎంత వేసుకోవాలో, ఎవరు వేసుకోకూడదో, వేసుకుంటే ఏమేం కావచ్చో చీమతలకాయలంత అక్షరాలతో అచ్చువేసిన పొడుగాటి కాగితాలవి. నిలువుగా రెండు మడతలు, అడ్డంగా నాలుగు, ఒక్కో మడత మీదా నున్నటి చెక్కముక్కతో ఒక్క రుద్దు. జానెడున్నర కాగితం చివరికి బొటనవేలంత అవుతుంది. పొడుగాటి బల్లల ముందు ఇరవై ఆరుగురు ఆడవాళ్ళు కూర్చుంటారు. కాగితాలు ఎగురుతాయని ఫ్యాన్లు వేయరు. లెక్క తప్పుతుందని మాట్లాడనివ్వరు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా మూడు వేలు మడిస్తే రోజు కూలి. అది ఇంటద్దెకూ బియ్యానికీ సరి. ఆ పైన ఇంటికి మోసుకెళ్ళి మడిచే వెయ్యి కాగితాల మూటకు ఇచ్చేది రెండు పాల ప్యాకెట్లకూ ఒక రొట్టెకూ వస్తుంది.

ఇవాళ ఆమెకు లెక్క రెండుసార్లు తప్పింది. కారణం నడుముకు దోపుకున్న చీటీ. నిన్న సాయంత్రం కూతురు బడి నుంచి తెచ్చింది. ‘మీ అమ్మాయి చదువు విషయమై మాట్లాడవలసి ఉన్నది. రేపు మధ్యాహ్నం రెండు గంటలకు తప్పక రావలెను.’ అయిదో తరగతితో ఆగిపోయిన చదువుతో ఆమె దాన్ని నాలుగుసార్లు చదువుకుంది. మిగతా మాటలతో పేచీ లేదు. ఆ ‘తప్పక’ దగ్గరే ఆమెకు భయం పట్టుకుంది. పిల్ల ఎవరి తలైనా పగలగొట్టిందా? లేక దీనికే దెబ్బ తగిలితే సంగతి చెప్పకుండా పిలుస్తున్నారా? దెబ్బయితే రేపు రమ్మంటారా, ఇప్పుడే రమ్మంటారు కదా. రాత్రంతా పిల్ల ఒళ్ళు తడిమి తడిమి చూసింది. ఒంటి మీద ఏ గాయమూ లేదు. అప్పుడు భయం ఇంకా పెరిగింది.

పక్క బల్ల అక్క పెదవులు కదపకుండా మాట్లాడటంలో ఆరితేరిన మనిషి. పదకొండేళ్ళుగా ఆ బల్ల ముందే కూర్చుంటోంది.

“ఏంటే, ఇందాకట్నుంచి పిల్లల్ని పోగొట్టుకున్న పిల్లిలా చూస్తున్నావు?”

“బళ్ళోకి రమ్మన్నారక్కా.”

“మీ గడగడ విషయమా? ఏదో బహుమతి ఇస్తారేమో.”

“బహుమతికి తప్పక రావలెను అని రాస్తారా?”

“ఎందుకు రాయరు? అది బీరువా అయితే నువ్వు లేకుండా పిల్ల ఒక్కతే మోస్తుందా ఏంటి?”

ఆమెకు నవ్వు రాలేదు గానీ మనసు కాస్త తేలికపడింది. చదువు విషయమైతే భయపడాల్సింది తను కాదు. ఎనిమిదేళ్ళ కూతురు చదివినట్టు ఆ వీధిలో ఇంకెవరూ చదవలేరు. ఎక్కడా ఆగకుండా గడగడా చదివేస్తుంది కాబట్టే దానికి ఆ పేరు పడింది. కథల పుస్తకాలు కొనే స్తోమత లేదు. కానీ అచ్చు చెడిన మందుకాగితాలను షెడ్డులో ఎవరైనా పట్టుకెళ్ళవచ్చు. మూడేళ్ళుగా ఆమె రోజుకు ఒకటి ఇంటికి తెచ్చి కూతురి చేత పైకి చదివించింది. పెద్ద మాటలు పలకగలిగిన పిల్లకు చిన్న మాటలు ఒక లెక్కా అనుకుంది. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటి నుంచి చదవాలి, అదీ నియమం. మడతలో ఆగితే లెక్క పోతుంది కదా, చదువులోనూ అంతేనని ఆమె నమ్మకం. పిల్ల ‘యకృత్ సంబంధిత రుగ్మతలు గలవారు’ అని ఒక్క గుక్కలో చదువుతుంటే వీధిలో వాళ్ళు పని మానుకుని వినేవారు. తమ మందు డబ్బాల్లోని కాగితాలు తెచ్చి చదివించుకుని, తలలూపి, తృప్తిగా వెళ్ళేవారు.

ఒంటిగంటన్నరకు వెళ్తానంటే మేస్త్రీ గోడ గడియారం వైపు చూశాడు.

“సగం పూట పోతుందమ్మా, తెలుసుగా?”

“తెలుసండీ.”

“అయితే రెండు మూటలు పట్టుకెళ్ళు. రేపు పొద్దున్న కావాలి.”

* * *

బడి వరండాలో టీచరమ్మ ఒక పొడుగు బల్ల మీద కూర్చోబెట్టి మాట్లాడింది. తరగతిలో యాభై రెండు మంది పిల్లలు. అరిచి అరిచి ఆవిడ గొంతు బొంగురుపోయింది. మోచేతుల దాకా సుద్దపొడి. రెండు మూటలను కాళ్ళ మధ్య పెట్టుకుని ఆమె బల్ల అంచున కూర్చుంది.

“మీ అమ్మాయి చేత చదివిస్తాను, వినండి,” అంది టీచరమ్మ.

పిల్ల పుస్తకం అందుకుంది. “గొడుగులు బాగుచేసే తాత ఒకాయన ఉన్నాడు. ఎండ కాసిన రోజు కొట్టు ముందు దిగులుగా కూర్చుంటాడు. మబ్బు పడితే లేచి నిలబడతాడు. వాన మొదలైతే తనలో తాను నవ్వుకుంటాడు.” ఒక్క గుక్క. ఒక్క తప్పు లేదు. తల్లి మనసు కుదుటపడింది. అక్క చెప్పిందే నిజమేమో, ఏదో ఇస్తారేమో అనుకుంది.

“బాగా చదివావు. వాన వస్తే తాత ఎందుకు నవ్వుకుంటాడు?”

పిల్ల పుస్తకం వైపు చూసింది.

“పుస్తకంలో వెతక్కు. నువ్వే చెప్పు.”

“గొడుగులు బాగుచేసే తాత ఒకాయన ఉన్నాడు. ఎండ కాసిన రోజు...”

“చదవమనలేదమ్మా. ఎందుకు నవ్వాడు అంటున్నాను.”

పిల్ల తల్లి ముఖం చూసింది. టీచరమ్మ ముఖం చూసింది. పెదవులు తడుపుకుంది. ఏదో ఒకటి చెప్పక తప్పదన్నట్టు చేతులు కట్టుకుని, చక్కగా నిలబడి చెప్పింది: “సందేహములున్నచో వైద్యుని సంప్రదించవలెను.”

కిటికీలోంచి తొంగిచూస్తున్న పిల్లలు గొల్లున నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. “ఇదెక్కడ నేర్చుకుంది?” అని అడిగింది. తల్లి చెప్పింది. చెబుతున్నంతసేపూ తను చేసింది గొప్ప పనో పెద్ద నేరమో తెలియక ఒకసారి గొంతు పెంచి, ఒకసారి తగ్గించి చెప్పింది. టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“ఆ కాగితాలు నాకే అర్థం కావమ్మా,” అంది.

తర్వాత చెప్పిన మాటలన్నిటిలో ఆమెకు ముందు వినిపించింది ఒక్కటే: వెనక గది. ఇంకో మూడు వారాల్లో పైనుంచి మనుషులు వస్తారు. ఒక్కో పిల్లనూ ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివిస్తారు, చదివిన దాని మీద ప్రశ్నలు వేస్తారు. చెప్పలేని వాళ్ళను వెనక గదిలోకి మారుస్తారు. ఆ గదికి వారంలో రెండు రోజులు కూడా టీచరు ఉండదు. అక్కడికి వెళ్ళినవాళ్ళలో తిరిగి ముందుకు వచ్చిన వాళ్ళను ఈ ఏడేళ్ళలో ఇద్దరినే చూశానని టీచరమ్మ చెప్పింది. మిగతావాళ్ళు ఎక్కడికి వెళ్ళారో తల్లికి ఎవరూ చెప్పనక్కర్లేదు. షెడ్డులో చివరి బల్ల దగ్గర కూర్చునే పదమూడేళ్ళ ఇద్దరు ఆడపిల్లలూ ఆ గదిలోంచి వచ్చినవాళ్ళే.

“దాని బుర్రలో ఏమైనా లోపం ఉందా టీచరు గారూ? రెండో ఏట పెద్ద జ్వరం వచ్చింది. అప్పుడు మేం ఆలస్యంగా తీసుకెళ్ళాం.”

“లోపం ఏమీ లేదు. ఎవరూ దాన్ని అడగలేదు, అంతే. ఆ మందుకాగితాలు మాన్పించండి. ఈ పుస్తకం పట్టుకెళ్ళండి, చింపకుండా తెచ్చివ్వాలి. రోజూ ఇరవై నిమిషాలు పక్కన కూర్చోండి. రెండు ముక్కలు చదవగానే ఆపండి. ఏం జరిగింది అని అడగండి. ఎందుకు జరిగింది అనండి. తర్వాత ఏమవుతుందనుకుంటున్నావు అనండి. తప్పు చెబితే తిట్టొద్దు.”

“నాకు అంత చదువు రాదండీ. అయిదు వరకే.”

“చదువుతో పని లేదు. అడగడం వస్తే చాలు.”

ఆమె మూటలు ఎత్తుకుంది. ఇరవై నిమిషాలు. నాలుగు వందల కాగితాలకు ఒక గంట పడుతుంది. ఆ లెక్కన ఇరవై నిమిషాలు ఎక్కడ ఇముడుతాయో బడి గేటు దాకా ఆలోచించింది. ఎక్కడా ఇమడలేదు.

* * *

వాళ్ళది ఒకే గది. గోడ వైపు మంచం, దాని మీద భర్త. సరుకుల యార్డులో లోడు ఎత్తుతాడు. లారీలు రాని రోజుల్లో నడుం నొప్పి గుర్తుకొస్తుంది. అత్త అప్పటికే నేల మీద పాత దుప్పటి పరిచి, మోకాళ్ళ కింద గుడ్డ ఉండ పెట్టుకుని, మూటల కోసం ఎదురుచూస్తోంది.

“రెండు మూటలా? వాడి కడుపు కాల. నా వేళ్ళేం రబ్బరా?” అంది అత్త.

పిల్ల ఎవరూ చెప్పకుండానే వచ్చి దుప్పటి మీద కూర్చుంది. అయిదో ఏట నుంచీ ప్రతి మూటలో పావువంతు దానిదే. సన్నటి వేళ్ళు. మడత మీద మడత పెద్దవాళ్ళ కంటే చక్కగా పడుతుంది. ఆ వేళ్ళ వైపు ఆమె ఇన్నాళ్ళూ మురిపెంగా చూసేది. ఇవాళ చూస్తే చివరి బల్ల కనిపించింది.

“నువ్వు మడవొద్దు. పుస్తకం తియ్యి,” అంది.

చదివించింది. రెండు ముక్కలకే ఆపింది. పిల్ల ఆగలేక తర్వాతి ముక్క కూడా చదివేసింది. ఆగితే మొదటి నుంచి చదవాలనే భయం దానిది.

“ఆగమన్నానా? ఎందుకు నవ్వాడు తాత?”

పిల్ల వేలు పుస్తకంలో మళ్ళీ మొదటి ముక్క మీదికి వెళ్ళింది.

“ఎందుకు నవ్వాడే? చెప్పు. వాన వస్తే ఎందుకు నవ్వుతాడు? చెప్పవేం? మూడు వారాలే ఉంది. చెప్పకపోతే ఏమవుతుందో తెలుసా నీకు?”

తన గొంతు తనకే మేస్త్రీ గొంతులా వినిపించింది. పిల్ల భుజాలు దగ్గరకు తెచ్చుకుని కూర్చుంది. అత్త చెక్కముక్క కింద పెట్టింది.

“తప్పులేకుండా చదివింది కదే, ఇంకా ఏం కావాలి నీకు? ఆ తాత నవ్వితే మనకేంటి, ఏడిస్తే మనకేంటి?”

ఆమె చెయ్యి లేచింది. లేచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఎందుకంటే పిల్ల అప్పుడు ఏడుపు లేని గొంతుతో, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది:

“అమ్మా, చదివిందానికి అర్థం కూడా ఉంటుందా?”

తల్లి చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

“నువ్వెప్పుడూ అడగలేదు కదా, ఆ కాగితాల్లో ఏముందని. నాన్నమ్మ అడగలేదు. పక్కింటివాళ్ళూ అడగలేదు. బాగా చదివావు అన్నారు.”

మూడేళ్ళు, రోజుకో కాగితం. ఆమె లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడింది. కూతురి బుర్రలో లోపం ఉందని తెలిసినా ఇంత భయం వేసేది కాదు. జ్వరం మీద నెట్టేయడానికి ఉండేది. ఇది తన చేతులతో తనే మడిచిపెట్టిన పని.

మంచం మీంచి భర్త అన్నాడు: “మనం ఏం చదివాం? బతకట్లేదా?”

“బతుకుతున్నామా?” అంది ఆమె, వెనక్కి తిరక్కుండా.

* * *

మొదటి వారం అంతా నష్టమే. చేతులు మడుస్తుంటే నోటితో అడగవచ్చు కదా అనుకుంది. అలా అడిగిన మూడో రోజు మూడు వందల కాగితాల్లో అచ్చు లోపలికి పోయి ఖాళీ వైపు పైకి వచ్చింది. మేస్త్రీ మూట మొత్తం బల్ల మీద కుమ్మరించి, విప్పి మళ్ళీ మడవమన్నాడు. విప్పిన కాగితానికి కూలి ఉండదు. ఆ రోజు పిల్ల గ్లాసులో పాలకు బదులు నల్లటి టీ పడింది.

“అడగడం అంత కష్టమైన పనా?” అంది పక్క బల్ల అక్క.

“చేతులు ఖాళీగా ఉంటేనే వస్తోందక్కా. చేతులేమో ఖాళీగా ఉండట్లేదు.”

“మనకి చేతులు ఖాళీగా ఉండేది రెండు చోట్లే. ఒకటి కుళాయి లైను, రెండోది చచ్చాక. మొదటిది వాడుకో.”

అక్క ఎగతాళికే అంది. కానీ ఆ సాయంత్రం నీళ్ళ లైనులో బిందెలు వరసలో పెట్టి నిలబడ్డప్పుడు ఆమెకు ఆ మాట గుర్తొచ్చింది. రోజు విడిచి రోజు నీళ్ళు వస్తాయి. లైను కదలడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటా చేతులు వేలాడేసుకుని నిలబడటం తప్ప ఇంకో పని లేదు. తర్వాతి లైనుకు పిల్లను, పుస్తకాన్ని వెంట తెచ్చుకుంది.

తొమ్మిదో రోజున అది జరిగింది. ఆ రోజు ఆమెకు ప్రశ్న వేసే ఓపిక కూడా లేదు. పుస్తకం మూసేసి, ఊరికే మాట్లాడింది.

“లారీలు రాని రోజు మీ నాన్న ఎలా ఉంటాడే?”

“మంచం మీద పడుకుని అందర్నీ తిడతాడు.”

ముందు నిలబడ్డ చాకలామె నవ్వింది. “మా ఇంట్లోనూ అదే మంచం, అదే తిట్లు.”

“లారీలు వస్తే?”

“ఈల వేస్తాడు. నడుం నొప్పి అనడు. నాకు బిస్కెట్ తెస్తాడు.”

“ఎందుకంటావు?”

“పనొచ్చింది కదా.” పిల్ల కాలితో బిందెను కొంచెం ముందుకు జరిపింది. తర్వాత చాలా మెల్లగా, ఎవరో వెనక నుంచి లాగేస్తారేమో అన్నంత జాగ్రత్తగా అంది: “అమ్మా. వానొస్తే గొడుగుల తాతకి లారీ వచ్చినట్టా?”

లైను కదిలింది. వెనకున్నవాళ్ళు తోస్తున్నా ఆమె కదల్లేదు.

“వానొస్తే జనం చిరిగిన గొడుగులు తీస్తారు. తీసి ఆయన దగ్గరికి తెస్తారు. అందుకే నవ్వాడు,” అంది పిల్ల.

“వాన మొదలయ్యాకనా తెచ్చేది? ముందే బాగుచేయించుకోవాలి గానీ,” అంది చాకలామె, బిందె ఎత్తుకుంటూనే. “అలా తడుస్తూ వెళ్ళేవాళ్ళు బుద్ధిలేనివాళ్ళు.”

“నువ్వు ఎప్పుడైనా ముందే బాగుచేయించావా?” అంది వెనక నిలబడ్డ మరొకామె.

“నాకు గొడుగుంటే కదా.”

ఆ తగువు లైను చివరి దాకా పాకింది. పిల్ల అటూ ఇటూ తల తిప్పుతూ విన్నది. పుస్తకంలో ఉన్న మనిషి గురించి ఇంతమంది పోట్లాడుకోవచ్చని దానికి అంతవరకు తెలియదు.

మూడు రోజుల తర్వాత ఇంకొకటి జరిగింది. మూటలోంచి జారిపడ్డ కాగితం ఒకటి తీసి పిల్ల తనంతట తానే చదవసాగింది. వద్దని చెప్పబోయి తల్లి ఆగింది. పిల్ల గడగడా చదవటం లేదు. ఒక మాట దగ్గర ఆగుతోంది, వెనక్కి వెళ్తోంది, మళ్ళీ వస్తోంది.

“నాన్నమ్మా, ఇది నీ మోకాళ్ళ మాత్రదే. ఖాళీ కడుపుతో వేసుకోరాదు అని ఉంది. వేసుకుంటే కడుపులో మంట పుడుతుందట. నువ్వు పొద్దున్న ఏం తినకుండానే వేసుకుంటావు కదా. అందుకే రోజూ కడుపు పట్టుకుంటున్నావు.”

రెండేళ్ళుగా అదే కాగితం వేలకు వేలు ఈ దుప్పటి మీద మడతపడింది. పిల్ల అదే కాగితాన్ని అత్తకు ఎన్నోసార్లు చదివి వినిపించింది. తల్లి సంతోషంతో అత్త వైపు చూసింది. అత్త చెక్కముక్క ఆపలేదు.

“తెలివైనదానివే. అయితే పొద్దున్న తినడానికి ఏముందో కూడా చదివి చెప్పు,” అంది.

పొద్దున్న ఇంట్లో ఉండే రొట్టె లోడుకు వెళ్ళేవాడికీ, షెడ్డుకు వెళ్ళేదానికీ, బడికి వెళ్ళేదానికీ సరిపోతుంది. ఆ మూడు ముక్కలు కోసేది అత్తే. నాలుగో ముక్క ఉందా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మర్నాడు తల్లి తన ముక్కలో సగం అత్త పళ్ళెంలో పెట్టింది. అత్త దాన్ని తీసి మళ్ళీ ఆమె పళ్ళెంలోనే పెట్టింది.

* * *

పరీక్షకు ఇంకా ఎనిమిది రోజులు ఉండగా షెడ్డుకు పెద్ద ఆర్డరు వచ్చింది. సాయంత్రం అయిదుకు మేస్త్రీ తలుపు దగ్గర మూటలు నిలువెత్తు పేర్పించి, పక్కనే నిలబడ్డాడు.

“ఈ వారం ఒక్కొక్కళ్ళూ రోజుకి నాలుగు మూటలు పట్టుకెళ్ళాలి. పైవాళ్ళ మాట, నా మాట కాదు. ఇంట్లో చేతులు ఎన్నుంటే అన్నీ కూర్చోబెట్టండి.”

ఆడవాళ్ళు గొణుక్కుంటూనే వరసలో కదిలారు. నాలుగు మూటలంటే మడిచి లేచేసరికి తెల్లవారుతుంది. ఆమె వంతు వచ్చింది.

“మీ ఇంట్లో గడగడ ఉందిగా. నాలుగు రోజులు బడి మాన్పించి కూర్చోబెట్టు. సన్నటి వేళ్ళు, చకచకా అయిపోతుంది,” అన్నాడు మేస్త్రీ. మంచి సలహా ఇస్తున్న మనిషిలాగానే అన్నాడు. అతని పిల్లలు డబ్బు కట్టే బడిలో చదువుతున్నారని షెడ్డులో అందరికీ తెలుసు.

ఆమె చేతులు అలవాటుగా ముందుకు వెళ్ళాయి. మొదటి మూట బరువు అరచేతుల్లో పడింది. ఆ బరువుతో పాటే ఎప్పటిలాగా అన్ని భయాలూ ఒక్కసారి వచ్చాయి. వద్దంటే పని పోతుంది. పని పోతే అద్దె. అద్దె పోతే గది. అయినా పిల్లకు పరీక్షలో ఆ రోజు నోరు పెగులుతుందని నమ్మకమేమిటి? కొత్త మనుషులను చూసి మళ్ళీ వైద్యుని సంప్రదించవలెను అంటే? ఇక్కడ పనీ పోయి, అక్కడ వెనక గదీ తప్పకపోతే? ఎంత దూరం ఆలోచించినా మంచి జరిగే దారి ఒక్కటీ కనబడలేదు. నాలుగు మూటలు పట్టుకెళ్ళిన దారిలో కూడా కనబడలేదు.

“నేను పట్టుకెళ్ళనండి,” అంది.

మేస్త్రీకి వినబడలేదు. రెండో మూట అందించాడు. ఆమె మొదటి మూటను తిరిగి దొంతర మీద పెట్టింది.

“ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?”

“బాగానే ఉందండీ. ఇక్కడ మూడు వేలూ మడుస్తాను. ఇంటికి మాత్రం పట్టుకెళ్ళను. సాయంత్రం నాకు పిల్లతో పనుంది.”

“ఏం పని?”

“కూర్చుని మాట్లాడాలి.”

మేస్త్రీ నవ్వి వరస వైపు చూశాడు, ఎవరైనా తనతో కలిసి నవ్వుతారేమోనని. ఒకరిద్దరు నవ్వారు కూడా. “మాట్లాడటం ఒక పనా? సరే, మాట్లాడుకో. రేపు పొద్దున్న వచ్చేటప్పుడు నీ చోటు ఉంటే కూర్చో. లేకపోతే నన్ను అనకు. బయట ఎంతమంది అడుగుతున్నారో నీకు తెలుసు.”

“తెలుసండీ.”

వెనక నిలబడ్డ పక్క బల్ల అక్క గట్టిగా దగ్గింది. “దాని నాలుగూ నాకు వేయకండి మేస్త్రీ గారూ, ముందే చెబుతున్నా,” అంది. ఈసారి పెదవులు కదిపే అంది. అయితే తన నాలుగు మూటలూ తను ఎత్తుకుంది. అక్కకు ఇంట్లో కూర్చుని తినే మనుషులు అయిదుగురు.

వీధిలోకి వచ్చాక ఆమెకు చేతులు ఏం చేయాలో తెలియలేదు. ఇన్నేళ్ళుగా ఆ వేళప్పుడు అవి ఖాళీగా లేవు. ఒకసారి కట్టుకుంది, ఒకసారి వదిలేసింది. వెనక్కి వెళ్ళి బతిమాలుకుంటే ఇంకా మించిపోలేదని మొదటి మలుపులో అనుకుంది. రెండో మలుపులోనూ అనుకుంది. మూడో మలుపులో షెడ్డు కనబడటం మానేసింది.

ఇంట్లో అత్త దుప్పటి పరిచి సిద్ధంగా ఉంది. కోడలి చేతుల వైపు చూసి, గుమ్మం వైపు చూసి, మళ్ళీ చేతుల వైపు చూసింది. భర్త ఇంకా రాలేదు. వచ్చాక ఏమంటాడో ఆమె దారిలోనే విన్నంత స్పష్టంగా ఊహించుకుంది. పిల్ల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది.

“అమ్మా, మూటలేవి?”

“తేలేదు.”

“ఎందుకు?”

చెబుదామనుకుంది. నీ కోసమే అంటే పిల్ల మీద బరువు. మేస్త్రీ ఇవ్వలేదంటే అబద్ధం. ఆమె కూతురి ఎదురుగా దుప్పటి మీద కూర్చుంది.

“నువ్వు చెప్పు చూద్దాం,” అంది, నీళ్ళ లైనులో అడిగినట్టే తేలిగ్గా అడగాలని ప్రయత్నించి.

పిల్ల పుస్తకం వదిలి తల్లి ముఖం వైపు చూసింది. ఒక చోట ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చి చూసింది. అత్త చెయ్యి దుప్పటి మడత సరిచేయడం ఆపేసింది.

“పని పోయిందా అమ్మా?”

ఎవరూ అందించకుండా, ఏ పుస్తకంలోనూ వెతక్కుండా చెప్పింది. ఇన్ని రోజులుగా ఆమె ఎదురుచూసింది ఇలాంటి జవాబు కోసమే. ఈ ఒక్కటి తప్పయితే బాగుండునని ఇప్పుడు అనుకుంది.

“ఇంకా తెలీదు. చదువు,” అంది.

పిల్ల పుస్తకం తెరిచింది. రెండు ముక్కలు చదివి, తనే ఆగి, తల్లి అడగబోయే ప్రశ్న కోసం తలెత్తి చూసింది. తల్లికి ఒక్క ప్రశ్న కూడా గుర్తురాలేదు. కాసేపటికి, దుప్పటికి అటు చివర నుంచి అత్త గొంతు సవరించుకుంది.

“తర్వాత ఏమవుతుందే?” అంది.